అంజూరం ఆగదు

పెరట్లో ఒక్క అంజూరపు చెట్టు ఒకేసారి పండితే ఇంట్లోవాళ్ళు తిని తీర్చలేరు. తిరుపతి ఎండల్లో ఆ పండుకు ఫ్రిజ్‌లో పెట్టినా మిగిలేది రెండు మూడు రోజుల గడువు. ఆ గడువులో రాగిపిండి, చెనిక్కాయలు, బెల్లం, నెయ్యితో చేసుకోగల ఒక తీపి వంటకం గురించి, పండిన పంటను పారేయకుండా కాపాడుకోవడం గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఉదయం అయిదున్నర. శేషాచలం కొండల అంచు ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది. మా పెరట్లో గోరింకలు అప్పటికే లేచి గోల చేస్తున్నాయి. అవి ఆ చెట్టు మీద చేరాయంటే, నిన్న సాయంత్రం గట్టిగా నిలబడిన కాయ రాత్రికి రాత్రి మెత్తబడి మెడ వాల్చిందని అర్థం. నేను స్టీలు బేసిన్ పట్టుకుని పరుగెత్తుతాను. వేసవి మొదలైతే మా ఇంట్లో రోజూ ఇదే తంతు.

ఈ అంజూరపు చెట్టుకు ఆరేళ్ళు. అనంతపురం వైపు ఒక తోటలో కత్తిరింపులయ్యాక గట్టు మీద పడేసిన కొమ్మల్లోంచి జానెడు ముక్క అడిగి తెచ్చుకున్నాను. తడిగుడ్డలో చుట్టి బస్సులో తీసుకొచ్చి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన తొట్టిలో గుచ్చాను. రెండో ఏడు నాలుగు కాయలు కాసింది. నేలలోకి మార్చిన ఏడు ముప్ఫై దాకా వచ్చాయి. ఈ ఏడు మార్చిలో ఒక్క ఉదయం కోసి లెక్కపెడితే 63 పండ్లు. ఇంట్లో ఉన్నది ముగ్గురం.

పాలప్యాకెట్టు కోసం పోతూ వీధి చివరి అవ్వ గేటు దగ్గర ఆగింది. "ఏందిమ్మా, సీమత్తి పండ్లు బేసిన్ నిండా పెట్టుకోనుండావు? ఎవురు తినేది ఇన్ని? మద్దేనానికంతా పులిసిపోతాయి చూడు" అంది.

ఈ పండు స్వభావమంతా ఆ మాటలో ఉంది. మామిడిని కాయగా కోసి వరిగడ్డిలో కప్పితే మన తీరిక చూసుకుని మాగుతుంది. అరటిగెలను దూలానికి వేలాడదీస్తే పైనుంచి కిందికి వరసగా రంగు తిరుగుతుంది. సీతాఫలాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మరిచిపోయినా రెండు రోజుల్లో వాసనతో పిలుస్తుంది. అంజూరానికి ఆ ఓర్పు లేదు. పచ్చిగా కోస్తే అలాగే వడలిపోతుంది, తీపి ఎక్కదు. చెట్టు మీదే పండాలి, పండిన పూటే కోయాలి. కోశాక ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు, బయట ఉంచితే ఒక్క పూట. అంగళ్ళలో తాజా అంజూరం అరుదుగా కనబడి, ఎండు అంజీర్ మాత్రం దండలుగా వేలాడటానికి కారణం ఇదే.

ఆ రోజు మేం తిన్నవి పది. అవ్వకు పది, ఎదురింటికి పది, పైవాటా వాళ్ళకు ఎనిమిది పంచాను. ఇంకా 25 మిగిలాయి. మరుసటి ఉదయం చెట్టు మళ్ళీ ఓ నలభై ఇచ్చింది. పండ్ల ముక్కల మీద పొడిపిండి చల్లి కాల్చే క్రంబుల్ అనే వంటకం చేద్దామన్న ఆలోచన అప్పుడొచ్చింది.

పువ్వు లోపలే పూసే చెట్టు

వంటలోకి వెళ్ళేముందు ఈ చెట్టు ఎవరింటి బిడ్డో తెలుసుకోవాలి. రావి, మర్రి, మేడి, అంజూరం నాలుగూ ఒకే ప్రజాతికి చెందినవి. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారడం, పువ్వు కంటికి కనపడకపోవడం నాలుగింటికీ ఉన్న లక్షణాలు. మేడి పువ్వును చూసినవాళ్ళు లేరని మా అవ్వ అనేది. చూడలేరు, ఎందుకంటే అది కాయ లోపలే పూస్తుంది. మనం పండు అనుకుని కొరికేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. పంటి కింద కరకరలాడే ఒక్కొక్క గింజా ఒక్కొక్క పువ్వు కాసిన కాయ.

మేడిపండు పొట్టలో పురుగులు ఉంటాయని వేమన పద్యం వల్ల తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ పురుగులు ఆ చెట్టుకు పుప్పొడి మోసే చిన్న కందిరీగలు. అవి లేకపోతే మేడికి విత్తనం లేదు. మన దగ్గర సాగులో ఉన్న పూనా లాంటి అంజూరపు రకాలకు మాత్రం ఆ కందిరీగ అవసరం పడదు. పుప్పొడి లేకుండానే కాయ పెరిగి పండుతుంది. అందుకే పెరట్లో ఒంటరిగా ఉన్న చెట్టు కూడా విరగకాస్తుంది.

ఈ కుటుంబం మన సీమలో కొత్తది కాదు. కదిరి దగ్గర గూటిబయలులో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాలకు పైగా పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పట్టుపురుగులను మేపే మల్బరీ కూడా అంజూరానికి దగ్గరి చుట్టమే. పెరటి పనస ఇంకో చుట్టం. పనస కోసేముందు చేతికి నూనె రాసుకునే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. అంజూరం తొడిమ దగ్గర కారే పాలు చర్మానికి తగిలి, దానిమీద ఎండ పడితే బొబ్బలెక్కుతుంది. చేతులకు నూనె రాసుకుని, ఎండ రాకముందే కోయడం మంచిది.

ఆ పాలలో ఫిసిన్ అనే ఎంజైము ఉంది. దానికి పాలను విరగ్గొట్టే గుణం ఉండటం వల్ల మధ్యధరా తీరంలో పూర్వం నుంచీ జున్ను తోడుకు వాడారు. వేడి తగిలితే ఆ గుణం పోతుంది. కాబట్టి వండిన అంజూరం మీద మీగడ పోసుకున్నా, ఐస్‌క్రీం వేసుకున్నా భయం లేదు.

మనిషికీ ఈ చెట్టుకూ ఉన్న పరిచయం చాలా పాతది. జోర్డాన్ లోయలోని గిల్గాల్ అనే చోట తవ్వకాల్లో మాడిన అంజూరాలు దొరికాయి. వాటి వయసు సుమారు 11,400 ఏళ్ళని, కొమ్మ నాటి పెంచిన చెట్ల పండ్లు కావచ్చని పరిశోధకులు 2006లో ప్రకటించారు. అదే నిజమైతే, నేను అనంతపురం తోట గట్టు మీద అడిగి తెచ్చుకున్న జానెడు కొమ్మ వెనక అంత పొడుగు చరిత్ర ఉంది. మన దేశంలో అంజూరానికి పేరుపడిన చోటు మహారాష్ట్రలోని పురందర్. అక్కడి పండుకు 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కర్ణాటకలో బళ్ళారి, దాన్ని ఆనుకుని మన అనంతపురం కూడా ఈ పంటకు అనువైన నేలలే. పొడి గాలి, గట్టి ఎండ, నీళ్ళు నిలవని నేల దీనికి ఇష్టం. పండే వేళ వాన పడితే మాత్రం పండు పగిలిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు దంచే తిరుపతిలో వేసవి పంటే తియ్యగా ఉండటానికి కారణం అది.

కొరత నేర్పిన వంట

క్రంబుల్ నేను మొదట తిన్నది బెంగుళూరులో, ఒక స్నేహితురాలి ఇంట్లో. అడుగున ఉడికిన యాపిల్ ముక్కలు, పైన పొడిపొడిగా రాలుతున్న పిండి కప్పు. గరిటెతో తీస్తే పైది కరకర, కిందిది జారుగా ఉంది. ఇది ఇంగ్లండు ఇళ్ళ వంట. పండు మీద పిండిని రొట్టెలా వత్తి కప్పే 'పై' అనే వంటకం వాళ్ళకు చాలాకాలంగా ఉంది. దానికి పిండీ, వెన్నా ఎక్కువ కావాలి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, 1940 జనవరి 8 నుంచి అక్కడ వెన్న, పంచదార, పంది మాంసం రేషన్‌లోకి వెళ్ళాయి. ఆ రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో. ఆ పద్నాలుగేళ్ళలో ఇల్లాళ్ళకు పిండిని వత్తడం మానేసి, ఉన్న కాస్త కొవ్వునే పిండిలో నలిపి పండ్ల మీద చల్లడం బాగా అలవాటైంది. పెరటి పండు ఉచితం. పైన చల్లేది గుప్పెడు.

కొరత నుంచి వచ్చిన రుచి అంటే రాయలసీమకు వేరే చెప్పనక్కర్లేదు. 1876లో మొదలైన ధాత కరువును పేరు పెట్టి తలచుకునే నేల ఇది. రాగిసంగటి, ఉలవచారు, ఊరుబిండి లాంటి మన నిత్య వంటలన్నీ ఉన్నదాన్ని సాగదీసి వండుకునే తెలివిలోంచి పుట్టాయి. సంగటిలో రాగిపిండి, బియ్యం నూక కలపడం ఆ తెలివే. క్రంబుల్ పరాయి దేశం వంటలా కాకుండా దూరపు చుట్టంలా తోచింది నాకు.

ఇంకో మంచి సంగతి ఏమిటంటే దీంట్లో గుడ్డు పడదు. తిరుపతిలో చాలా ఇళ్ళలో ఓవెన్ కొన్నాక కూడా కేకు చేయకపోవడానికి గుడ్డే అడ్డం. సరిహద్దు అవతల బెంగుళూరులో 1898లో హాసన్ నుంచి వచ్చిన తిరుమలాచార్ చిక్కపేటలో బేకరీ పెట్టి అయ్యంగార్ బేకరీల సంప్రదాయానికి దారి వేశారు. గుడ్డు లేని రొట్టెలు, బన్నులు, దిల్‌పసంద్ అలా ఈ ప్రాంతమంతా అలవాటయ్యాయి. చిత్తూరు జిల్లా ఊళ్ళలో ఆ పేరుతో బేకరీ లేని బజారు అరుదు. కాబట్టి క్రంబుల్ మన ఇంట్లోకి రావడానికి గడప అడ్డం లేదు.

మన పొడి, మన దిట్టం

మొదటిసారి నేను పుస్తకంలో ఉన్నట్టే మైదా, వెన్న, పంచదారతో చేశాను. తీపి మీద తీపి పడి మొహం మొత్తింది. అంజూరం యాపిల్ లాంటిది కాదు, దానిలో పులుపు దాదాపు లేదు. దానికి పక్కన కాస్త పులుపు, కాస్త చేదు, మట్టివాసన ఉన్న తోడు కావాలి. రెండోసారి రాగిపిండి డబ్బా మీద చెయ్యి పడింది.

తిరుపతి పక్కనే పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి నుంచి వచ్చిన రాగి రకాల్లో ఒకదాని పేరు వకుళ. శ్రీనివాసుణ్ణి పెంచిన తల్లి వకుళమాత పేరది. తిరుమల ఆలయ వంటశాల అయిన పోటులో వంటను ఆమే కనిపెట్టుకుని ఉంటుందని భక్తుల నమ్మకం. ఆమె పేరు ఒక చిరుధాన్యానికి పెట్టాలన్న ఆలోచన వచ్చినవాళ్ళకు నమస్కారం చెప్పాలి. రాగిపిండిని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి వాడితే అంజూరపు తీపికి కింద ఒక గట్టి నేల పరిచినట్టుంటుంది.

రెండో సరుకు చెనిక్కాయలు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ నేలకు కాళహస్తి, నారాయణి, ధరణి లాంటి వేరుశనగ రకాలను ఇచ్చింది. ఇంగ్లండువాళ్ళు ఓట్స్ చల్లే చోట మనం వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచిన చెనిక్కాయలు చల్లుకుంటాం. మూడోది బెల్లం. చిత్తూరు చెరకు, చిత్తూరు బెల్లం పేరు తెలియని బెల్లపు వ్యాపారి దక్షిణాదిలో ఉండడు. క్రంబుల్ కప్పుకు కొత్త మెత్త బెల్లం పనికిరాదు. కరిగి పాకంలా గట్టిపడుతుంది. గట్టిగా ఎండిన పాత బెల్లం తురిమి వాడాలి. నాలుగోది నెయ్యి, పేరుకున్నది. కరిగిన నెయ్యి పోస్తే పిండి ముద్దవుతుంది. గడ్డకట్టిన నేతిని వేళ్ళ కొసలతో పిండిలో నలిపితే ఒక్కొక్క రేణువు చుట్టూ నెయ్యి పట్టి, వేడికి విడివిడిగా కరకరలాడుతుంది. మొత్తం వంటలో కిటుకు ఇదొక్కటే.

తిరుమల పోటులో ఏ ప్రసాదానికి ఏ సరుకు ఎంత పడాలన్న కొలతను దిట్టం అంటారు. లడ్డూకు దిట్టం ఉన్నట్టే ఇంటి వంటకూ ఒక దిట్టం ఉండాలి. నాలుగుసార్లు చేసి, తప్పు దిద్దుకుని నేను స్థిరపరచుకున్నది ఇదీ.

దిట్టం: ఆరుగురికి

అడుగు పొరకు: బాగా పండిన అంజూరాలు 750 గ్రాములు (సుమారు 20 పండ్లు), తురిమిన బెల్లం 2 పెద్ద చెంచాలు, నిమ్మరసం 2 పెద్ద చెంచాలు, సొంటిపొడి పావు చెంచా, దంచిన ఏలకులు 3, గోధుమపిండి ఒక చెంచా.

పై పొరకు: గోధుమపిండి 100 గ్రాములు, వేయించి చల్లార్చిన రాగిపిండి 50 గ్రాములు, తురిమిన పాత బెల్లం 70 గ్రాములు, గడ్డకట్టిన నెయ్యి 75 గ్రాములు, దంచిన చెనిక్కాయలు 40 గ్రాములు, చిటికెడు ఉప్పు.

పండ్లు కడిగి తుడిచి, తొడిమ తీసి నాలుగు ముక్కలుగా కోయాలి. అడుగు పొర సరుకంతా కలిపి గాజు గిన్నెలోనో లోతు పళ్ళెంలోనో పరిచి పావుగంట వదిలేస్తే రసం ఊరుతుంది. ఈలోపు పై పొర పిండ్లలో ఉప్పు వేసి నెయ్యి నలపాలి. చెయ్యి వేడి తగిలి మెత్తబడుతుంటే గిన్నెను అయిదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. చివర్లో బెల్లం, చెనిక్కాయలు కలపాలి. ఈ పొడిని పండ్ల మీద వదులుగా చల్లాలి, అదమకూడదు.

ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర ముందే వేడి చేసి 35 నిమిషాలు ఉంచాలి. రాగిపిండి రంగు ముందే ముదురు కాబట్టి ఎర్రబడిందో లేదో కన్ను చెప్పలేదు. ముక్కును నమ్మండి. చెనిక్కాయల వాసన గది నిండాలి, గిన్నె అంచున పండ్ల రసం చిక్కగా బుడగలు తేలాలి. తీశాక పదిహేను నిమిషాలు ఆగితే రసం దగ్గరపడుతుంది.

ఓవెన్ లేనివాళ్ళు అడుగు మందంగా ఉన్న పాత్రలో పండ్లను సన్నసెగ మీద పది నిమిషాలు ఉడికించి దింపాలి. పై పొడిని వేరే మందపాటి ఇనుప మూకుడులో కలుపుతూ వేయించాలి. తినేముందు ఒకదాని మీద ఒకటి చల్లుకోవాలి. రుచిలో పెద్ద తేడా ఉండదు.

రాగిపిండి మొత్తం పిండిలో మూడో వంతు దాటకుండా చూసుకోవాలి. రాగిలో సాగే గుణం లేదు కాబట్టి ఎక్కువైతే కప్పు ఇసుకలా రాలుతుంది. నిమ్మరసం తగ్గించకూడదు. గూడూరు నిమ్మకాయ పిండితే సరిపోతుంది. వేసవిలో మధ్యాహ్నం ఓవెన్ వెలిగించడం ఇంటికి శిక్ష. పండ్లు కోసిన తెల్లవారుజామునే చేసి పెట్టుకుంటే రాత్రి భోజనం తర్వాతకు చల్లగా, ఇంకా రుచిగా ఉంటుంది.

మిగిలినదాంట్లో మిగిలినది

ఒక క్రంబుల్‌కు 20 పండ్లు పడతాయి. చెట్టు రోజూ నలభై ఇస్తుంటే రోజూ క్రంబుల్ తినలేం. అప్పుడు ఎండ మన వంటవాడు. అంజూరాలను మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి, పల్చటి గుడ్డ కప్పి మిద్దె మీద ఆరబెడితే మన ఎండకు నాలుగైదు రోజుల్లో తోలు సాగినట్టు ఎండుతాయి. రాత్రిపూట లోపలికి తెచ్చుకోవాలి. మంచు పడితే బూజు పడుతుంది. సుమారు మూడు నాలుగు కిలోల పండు ఎండితే ఒక కిలో అవుతుంది. బజారులో అంజీర్ ధర చూసి ఉలిక్కిపడేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ కిలోలో మూడు నాలుగు కిలోల పండూ, నాలుగైదు రోజుల కాపలా ఉన్నాయి.

జామ్ చేసేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అంజూరంలో ఆమ్లం తక్కువ. మామిడి, నిమ్మ, ఉసిరి లాగా తన పులుపుతో తనను తాను కాపాడుకోలేదు. సీసాలో నిలవ చేసేముందు కచ్చితంగా నిమ్మరసం కలపాలి, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మన అవ్వలు నిలవ పచ్చళ్ళు ఎక్కువగా పుల్లటి కాయలతోనే పెట్టడం వెనక ఉన్న శాస్త్రం ఇదే. పులుపు ఉన్నచోట చెడుపు తొందరగా చేరదు.

పెరటి పండు ఇంటికి ఎక్కువైనప్పుడు చేయగల పనులు ఈ నాలుగే: తినడం, పంచడం, ఎండబెట్టడం, వండటం. ఈ నాలుగూ తెలిసిన ఇల్లు ఏ పండునూ చెత్తబుట్టలో వేయదు. గోదావరి వైపు ఆత్రేయపురంలో మామిడి రసాన్ని చాపల మీద పొర మీద పొరగా ఆరబోసి తాండ్ర చేయడం ఈ తెలివి ఊరి వృత్తిగా ఎదిగిన తీరు. ఒక ఊరంతా కలిసి పండుకు గడువు పొడిగించింది.

ఒక బేసిన్, ఒక జిల్లా

నా బేసిన్ గురించి ఇంత రాస్తున్నప్పుడు కళ్ళ ముందు నుంచి కదలనిది 2025 వేసవి. అంజూరానికి రెండు రోజుల గడువు అని నేను కంగారుపడుతుంటే, చిత్తూరు జిల్లా మొత్తానికి తోతాపురి రూపంలో ఆ కంగారే వచ్చింది.

మన దేశంలో మామిడి గుజ్జు పరిశ్రమకు రెండు పెద్ద కేంద్రాలున్నాయి. ఒకటి తమిళనాడులోని కృష్ణగిరి, రెండోది మన చిత్తూరు. గుజ్జుకు తోతాపురే ప్రాణం. దామలచెరువు మండీలో బేనీషా, ఖాదర్, మల్గూబాలను కోరి కొనేవాళ్ళు ఉంటారు, తోతాపురికి మాత్రం ఫ్యాక్టరీ గేటే దిక్కు. ఆ ఏడు పంట బాగా వచ్చింది. కిందటేటి గుజ్జు నిల్వలు తరగలేదు, కొనుగోళ్ళు తగ్గాయి, ధర పడిపోయింది. కాయల ట్రాక్టర్లు వరసల్లో రోజులు గడిపాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకు చేరాలని రాష్ట్రం నిర్ణయించింది. జూలైలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 1.62 లక్షల టన్నులకు క్వింటాలుకు 1,490.73 రూపాయల ధరను ఆమోదించింది. మదనపల్లె టమోటా రైతుకు ఈ కథ మరీ పాతది. 2023 జూలైలో బంగారమైన కాయ, ఇంకో ఏడు రోడ్డు పక్కన గుట్టగా కనపడుతుంది.

నా 63 పండ్లనూ జిల్లా తోతాపురినీ ఒకే త్రాసులో పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రైతు పెట్టుబడి, అప్పు, కూలీ నా పెరట్లో లేవు. కానీ సూత్రం ఒక్కటే. నాకు పంచడానికి నాలుగు ఇళ్ళు, ఎండబెట్టడానికి మిద్దె, వండటానికి పొయ్యి ఉన్నాయి. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి పట్టాను. తోతాపురి రైతుకు ఒకే దారి ఉంది, అది ఆ ఏడు ఇరుకైపోయింది. దారులు పెంచడమే ఇక్కడ చేయవలసిన పని. ఆ కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఒరుగులు, ఆమ్‌చూర్, పచ్చడి ముక్కలు అవుతుంది. పండాక తాండ్ర, జామ్ అవుతుంది. పల్లెకు ఒకటి చొప్పున ఆరబెట్టే గూళ్ళు, మహిళా సంఘాల చేతుల్లో చిన్న తయారీ గదులు ఉంటే గేటు ముందు వరస కొంతైనా చిన్నదవుతుంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం ఇలాంటి యూనిట్లకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ ప్రకటించింది. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల, 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. చదువు, చెయ్యి, ఎండ, పండు నాలుగూ ఒకే చోట ఉన్నాయి. వాటిని ఒక పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం మిగిలింది.

పండు పారేయడం తప్పని మనకు చిన్నప్పుడే నేర్పారు. పారేయకుండా ఏం చేయాలో నేర్పిన చేతులు ఇళ్ళలో ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. ఒరుగులు ఎండబెట్టడం, వడియాలు పెట్టడం, ఆవకాయ కలపడం అన్నీ కొనుక్కునే వస్తువులయ్యాయి. ఆ చేతులు ఇంట్లో బతికుంటేనే ఊళ్ళో ఒక తయారీ గది నిలబడుతుంది. రుచి తెలియని చోట ఏ పథకమూ పరిశ్రమ కాదు.

గిన్నె ఖాళీగా రాదు

క్రంబుల్‌ను మొదట వీధి చివరి అవ్వకే పంపాను. సాయంత్రం గిన్నె తిరిగొచ్చింది. మన వీధుల్లో గిన్నెను ఖాళీగా ఇవ్వరు కదా, దాంట్లో మునగాకు, రెండు కరివేపాకు రెబ్బలు, పచ్చి మామిడికాయ ఒకటి. "పైన పిండి బాగుందిమ్మా, మా కాలంలో రాగిపిండీ బెల్లమూ కలిపి తినేది గుర్తొచ్చింది. కిందుండే పండు మాత్రం ఇంకా రవ్వంత పుల్లంగా ఉండాల" అంది. ఆ మాట విన్నాకే దిట్టంలో నిమ్మరసం ఒక చెంచా నుంచి రెండు అయింది.

పండ్ల కాలం అయిపోయాక చెట్టును కత్తిరించాలి. అంజూరం ఎక్కువగా కొత్త కొమ్మ మీదే కాస్తుంది, కాబట్టి పాత కొమ్మను తీయకపోతే వచ్చే ఏడు కాపు తగ్గుతుంది. కత్తిరించిన కొమ్మల్లోంచి బాగున్నవి ఆరు ఏరి జానెడు జానెడు ముక్కలు చేసి వీధిలో ఆరిళ్ళకు ఇద్దామనుకుంటున్నాను. అనంతపురం గట్టు మీద నాకు అబ్బింది నా దగ్గరే ఉండిపోకూడదు.

అయితే అందులో ఒక చిక్కు ఉంది. ఇంకో మూడేళ్ళకు ఆ ఆరిళ్ళ చెట్లూ మార్చిలో ఒకేసారి పండుతాయి. అప్పుడు నా పండ్లు తీసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు, అందరి బేసిన్లూ నిండే ఉంటాయి. అందుకని కొమ్మతో పాటు ఈ దిట్టం కూడా చీటీ మీద రాసి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. చెట్టును ఇచ్చి, దాని పండును ఏం చేసుకోవాలో చెప్పకపోతే ఇచ్చింది సగమే.

మొదటి చీటీ అవ్వ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే తిరిగిచ్చింది.

"నాకు చదవను రాదు కదమ్మా. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తా. పిండి నేను నలుపుతా, పక్కన్నించి నువ్వు చెప్పు" అంది.